యూరప్ తలతో ఎసెత్రా రక్షణ

డాన్యూబ్ నదిలోని ఎసెత్రా చేపను ఇకమీదట ఇంగ్లీషులో కాపాడాలని బల్గేరియా ప్రభుత్వం నిర్ణయించింది. ఇన్నాళ్ళూ బల్గేరియన్‌లో కాపాడినందువల్లే అది అంతరించే దశకు వచ్చిందని పర్యావరణ ఉపమంత్రి బొజిదార్ గేర్గినోవ్ గారు పత్రికల వాళ్ళకు వివరించారు. "మన భాషలో కాపాడితే మనకొక్కళ్ళకే తెలుస్తుంది. ఇంగ్లీషులో కాపాడితే యూరప్ నిధులిచ్చే బ్రస్సెల్స్‌కు తెలుస్తుంది," అన్నారు. ఇంత చిన్న విషయం తమకు తట్టనందుకు పత్రికల వాళ్ళు సిగ్గుపడి, అలాగే రాసుకున్నారు.

ఆ మహత్కార్యం వచ్చి వెలిచ్కా టీచర్ నెత్తిన పడింది. నది ఒడ్డున దోల్నా తిక్వా అనే ఊళ్ళో ఆవిడ ఇరవై రెండేళ్ళుగా ఇంగ్లీషు చెబుతోంది. బడిలో మిగిలింది పదకొండు మంది పిల్లలు. పదిహేను మందికి తగ్గితే బడి మూసేయాలని రూలు. ఆ లెక్కన ఎసెత్రా కన్నా ముందు బడే అంతరించాలి. అయితే గేర్గినోవ్ గారు దయామయులు. బ్రస్సెల్స్ నుంచి వచ్చే పరిశీలకుడు మెచ్చుకుంటే ఆ బడిని 'ఆంగ్ల ప్రకృతి రక్షణ ఆదర్శ కేంద్రం' చేస్తామనీ, ఇక దాని జోలికి ఎవరూ రారనీ మాటిచ్చారు. వెలిచ్కా ఆ మాట పట్టుకుని పాఠం మొదలుపెట్టింది. పది రోజుల్లో పిల్లలు 'ద స్టర్జన్ ఈజ్ అవర్ ఫ్రెండ్' అని నిద్రలో కూడా కలవరించసాగారు. ఎసెత్రాను ఇంగ్లీషులో స్టర్జన్ అంటారు మరి.

రిహార్సల్ చూడ్డానికి ఉపమంత్రిగారు స్వయంగా వచ్చారు. అంతా విని, "ఇంగ్లీషు బాగుందమ్మా. తలలే బాగాలేవు," అన్నారు.

"తలలా సార్?"

"తలలే! పోయినేడు కొండల్లో మన ఎలుగుబంటి పథకం ఎందుకు పోయిందనుకున్నావ్? 'ప్రకృతి అంటే ఇష్టమేనా' అని పరిశీలకుడు అడిగాడు. ముప్ఫైమంది పిల్లలూ ఇష్టమేనని తలలు అడ్డంగా ఊపారు. ఆయన అటునుంచి అటే విమానం ఎక్కాడు."

ఆ దేశంలో అవునంటే తల అడ్డంగా ఊపుతారు, కాదంటే నిలువుగా ఆడిస్తారు. తాతముత్తాతల నాటి నుంచీ అంతే. మిగతా లోకమే తలకిందులుగా ఊపుతోందని వాళ్ళ నమ్మకం.

"పోనీ, తలతో పని లేకుండా నోటితో యెస్, నో అనమందాం సార్."

"నోటిమాట ఎవరు నమ్ముతారమ్మా? పాతికేళ్ళుగా నోటితోనే బతుకుతున్నా, నాకు తెలీదా? నోరు తెరిస్తే ఏదో ఒకటి జారుతుంది. పిల్లలు నోరు మూసుకుని తలతోనే జవాబివ్వాలి. అదీ యూరప్ తలతో!"

మర్నాడే సర్క్యులర్ వచ్చింది. రోజూ మొదటి పీరియడ్ తల డ్రిల్లు. అవునంటే పైకీ కిందికీ, కాదంటే అటూ ఇటూ. గంగిరెద్దులు కూడా అంత శ్రద్ధగా నేర్చుకోవు. పథకం ఫలితాలు ఇళ్ళలోనే ముందు కనిపించాయి. వారం తిరక్కుండా దోంకా అనే తల్లి బడికొచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఏం టీచరమ్మా, చేపని బతికించడానికి మా పిల్లల్ని మాడుస్తున్నారా? 'ఇంకాస్త చిక్కుడుగింజల పులుసు వెయ్యనా' అంటే మావాడు నిలువుగా ఆడిస్తాడు. వద్దంటున్నాడని గిన్నె తీసేస్తా. రాత్రంతా ఏడుపు!"

"ఇంకో నాలుగు రోజులు ఓర్చుకో దోంకా. బడి నిలబడుతుంది."

"పిల్లలు నిలబడొద్దూ?"

ఆ సాయంత్రం ఎనిమిదేళ్ళ దెసి ఇంకో చిక్కు తెచ్చింది. దాని తాత త్సేకో చేపలు పడతాడు. ఆయన వలలో పడిన ప్రతి ఎసెత్రా ఉపమంత్రిగారి బావమరిది హోటలుకు వెనకతలుపు గుండా వెళుతుందని ఊరందరికీ తెలుసు. అందుకే ఎవరూ తెలిసినట్టు మాట్లాడరు.

"టీచర్, ఇక్కడ ఎవరైనా ఎసెత్రాను పడతారా అని అడిగితే కాదనాలిగా. మా తాత నిన్న కూడా పట్టాడు. అబద్ధమాడితే మా బామ్మ చంపేస్తుంది."

"నువ్వేమీ అనకు. తల అడ్డంగా ఊపు, చాలు. మీ ఇంట్లో దానికేమిటి అర్థం?"

"అవునని."

"మరి అబద్ధమెక్కడుందే పిచ్చిదానా?"

దెసి మొహం విప్పారింది. పిల్లను అలా సమాధానపరిచినందుకు వెలిచ్కాకు తన మీద తనకే అసహ్యం వేసింది. కానీ బడి ఉండాలి.

పరిశీలకుడు వెర్మేలెన్ గారు చంకలో ఫైలుతో వచ్చారు. ఊరివాళ్ళు ఆచారం ప్రకారం రొట్టె, ఉప్పు ఇచ్చి ఆహ్వానించారు. గేర్గినోవ్ గారు తమకు వచ్చిన ఒకే ఒక్క ఇంగ్లీషు వాక్యం గర్జించారు. "వుయ్ మస్ట్ సేవ్ ద సర్జన్!" ఊరివాళ్ళు హర్షధ్వానాలు చేశారు. ఊళ్ళో ఉన్న ఒక్క సర్జనూ జర్మనీ వెళ్ళిపోయి ఆరేళ్ళయింది.

క్లాసులో వెర్మేలెన్ మొదటి ప్రశ్న అడిగారు. "మీకు స్టర్జన్ అంటే ఇష్టమేనా?"

పదకొండు తలలు పైకీ కిందికీ ఆడాయి. ఆయన మొహం వాడిపోయింది. ఏదో రాసుకున్నారు.

"ఇక్కడ ఎవరైనా దాన్ని పట్టి తింటారా?"

పదకొండు తలలూ అడ్డంగా ఊగాయి. అందరికన్నా గట్టిగా దెసి ఊపింది. వెర్మేలెన్ గుండె మీద చెయ్యి వేసుకున్నారు. అప్పుడు చూసింది వెలిచ్కా, ఆయన ఫైలు కింద ఒక చిన్న పుస్తకం. విమానాశ్రయంలో కొన్నట్టున్నారు. అట్ట మీద 'బల్గేరియా ఆచారాలు' అని ఇంగ్లీషులో ఉంది, కింద ఒక తలబొమ్మ, దానికి అటూ ఇటూ బాణాలు.

"సార్, ఆయన మన తలే చదువుకొచ్చారు..." అంటూ లేచింది.

"కూర్చోమ్మా!" అని గేర్గినోవ్ గారు పళ్ళ మధ్యనుంచి అన్నారు.

వెర్మేలెన్ ఆయన వైపు తిరిగి ఇంగ్లీషులో అడిగారు. "అంటే ఈ చేపను ఇక్కడ తింటారా? మీరు కూడా?"

ఉపమంత్రిగారికి అందులో అర్థమైనది 'చేప', 'తినడం', 'మీరు'. చాలదూ! టై ఎగిరిపడేలా తల అటూ ఇటూ తిప్పారు.

వెర్మేలెన్ కళ్ళు చెమర్చాయి. "ఇరవై ఏళ్ళుగా తిరుగుతున్నాను. నిజం ఒప్పుకున్న మంత్రిని ఈరోజే చూశాను," అంటూ చెయ్యి పట్టుకుని ఊపారు. ఇంత నిజాయితీ ఉన్నచోటే సాయం ఎక్కువ అవసరమని, అడిగిన డబ్బుకు మూడింతలు మంజూరు చేశారు.

మూడు నెలల్లో ఆదర్శ కేంద్రం తయారైంది. పాత గోడలు పగలగొట్టి హాలులో రెండంతస్తుల ఎత్తు ప్లాస్టర్ ఎసెత్రాను నిలబెట్టారు. పిల్లలు తిరిగితే దాని రెక్కలు విరుగుతాయని, వాళ్ళను ముప్ఫై కిలోమీటర్ల అవతలి బడికి మార్చారు. వెలిచ్కాకు కేంద్రంలో టికెట్లు చింపే ఉద్యోగం ఇచ్చారు. ఇక బడి జోలికి ఎవరూ రారన్న మాట ఉపమంత్రిగారు అక్షరాలా నిలబెట్టుకున్నారు. క్యాంటీన్ బావమరిది నడుపుతున్నాడు. ప్రారంభోత్సవం రోజున అందులో చేపల పులుసు వడ్డించారు. అది ఏ చేప అని వెర్మేలెన్ అడగలేదు. నిజాయితీపరులను అనుమానించడం ఆయన పద్ధతి కాదు.

భోజనాలయ్యాక గేర్గినోవ్ గారు వెలిచ్కా చేతిలో పూలగుత్తి పెట్టారు. బయట బస్సు పిల్లలను దింపి వెళుతోంది. దెసి కిటికీలోంచి లోపలికి చూసి, మళ్ళీ ఇంటిదారి పట్టింది.

"ఏమ్మా టీచరూ, సంతోషమేనా?" అన్నారు ఉపమంత్రిగారు.

వెలిచ్కా ఆయన కళ్ళలోకి చూస్తూ, వాళ్ళ అమ్మమ్మ ఆడించినట్టే, తల నెమ్మదిగా పైకీ కిందికీ ఆడించింది.

"చూశారా! యూరప్ తల ఎంత చక్కగా కుదిరిందో!" అని గేర్గినోవ్ గారు పొంగిపోయారు.

ఆ ప్రశ్నేమిటో పక్కవాళ్ళనడిగి తెలుసుకున్న వెర్మేలెన్ గారు డైరీ తీసి 'లేదు' అని రాసుకుని, ఈ ఊరి నిజాయితీకి మరోసారి చప్పట్లు కొట్టారు.