కుంట కాదు, డ్యాము

"అది కుంట కాదు, డ్యాము. వచ్చినోళ్ల ముందర కుంట కుంట అనద్దండి" అన్నాడు హబీబుల్లా, తింటున్న ఉగ్గాని తట్ట పక్కకు నెట్టి.

"ఏదో ఒకటి. దాంట్లో నీళ్లుండాయో లేదో పోయి సూసొచ్చి, తర్వాత మా అన్నను పిలిచింటే బాగుండేది" అంది వహీదా బీ, ఉల్లిగడ్డలు తరుగుతూ.

"నీళ్లు యాడికి పోతాయి?"

"అవి నువ్వు పొమ్మంటే పోవు, ఉండమంటే ఉండవు" అంది మంచం మీద నుంచి అతని తల్లి బడేబీ.

ఈ వాదన మూడు రోజులుగా నడుస్తోంది. ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే హబీబుల్లా, గోనెగండ్ల దారిలో తన చేను పక్కన పారే వంకకు అడ్డంగా మట్టికట్ట వేయించాడు. సేద్యానికి కాదు, షికారుకు. ఎమ్మిగనూరు వడ్రంగితో ఒక పడవ చేయించి, గట్టు మీద రేకుల పందిరి కూడా వేయించాడు. దీనికంతటికీ కారణం వహీదా బీ అన్న చోటే సాబ్. ఆయన ఉండేది హోస్పేటలో. అక్కడి పెద్ద ఆనకట్టను తానే కట్టించినట్టు మాట్లాడతాడు. ఆదోని వచ్చినప్పుడల్లా గ్లాసులో నీళ్లు వెలుతురుకు ఎత్తి చూసి, నిట్టూర్చి తాగుతాడు. ఆ నిట్టూర్పుకు ఈ ఆదివారం జవాబు చెప్పాలని హబీబుల్లా పట్టుదల.

బిర్యానీ దేగిశాతో సహా అందరూ వ్యానులో వెళ్లారు. పడవ ఒక పక్కకు ఒరిగి బురదలో కూర్చుని ఉంది. నీళ్లు దానికి చాలా దూరంగా, మడుగు నడుమకు జరిగిపోయాయి. కట్ట అడుగున తూము పక్క నుంచి సన్నని ధార పడి, కిందికి పిల్లకాలువలా పారిపోతోంది.

చోటే సాబ్ నవ్వలేదు. చేతిరుమాలు తీసి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. నవ్వి ఉంటే హబీబుల్లా తట్టుకునేవాడే.

"నీళ్లు నేనే వదిలినాను" అన్నాడు హబీబుల్లా. "కింద ఊళ్లో బావులు ఎండిపోయినాయి. వాళ్లు గుక్కెడు నీళ్లకు అల్లాడతాంటే మనం పడవెక్కి తిరగల్లా?"

ఆ మాట తన నోటి నుంచే వచ్చిందా అని అతనికే అనుమానం వేసింది. వహీదా బీ మొగుడి వంక ఒకసారి చూసి, చాప పరిచింది.

చోటే సాబ్ రుమాలుతో ఈసారి కళ్లు తుడుచుకున్నాడు. "నిన్ను తక్కువగా అనుకున్యాను బావా. ఆ రైతులను నేనొకసారి సూసొస్తా."

"వద్దు, వద్దు. కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలీకూడదు."

"నీ చేతులకు తెలీకపోతే ఏం, ఊరికి తెలియాల" అని ఆయన కట్ట దిగి వెళ్లిపోయాడు.

హబీబుల్లా గబగబా కావలి మల్లన్నను పక్కకు పిలిచాడు. "గోనెసంచుల్లో నల్లమట్టి నింపి ఆ బొక్క మూసెయ్. ఎవురి కంటా పడొద్దు."

బిర్యానీ వేడెక్కుతుండగా కింద నుంచి తప్పెట చప్పుడు వినిపించింది. ఊరు ఊరంతా కట్టెక్కి వస్తోంది, ముందు చోటే సాబ్. ఊళ్లో పెద్దమనిషి భీమక్క ఒక బంతిపూల దండ తెచ్చి ఆయన చేతికే ఇచ్చింది. "మీ బావకు మీరే ఏయండప్పా." చోటే సాబ్ దండ వేసి, కావలించుకున్నాడు. హబీబుల్లాకు మెడ దురద పెట్టింది.

ఇంతలో ఇద్దరు పడుచువాళ్లు నడుము దాకా బురదలో ఉన్న మల్లన్నను రెక్కలు పట్టి లాక్కొచ్చారు.

"అయ్యా, నువ్వు వదిలిన నీళ్లను ఈ దొంగనాయాలు మూస్తాండాడు."

"ఎవురు పంపినార్రా నిన్ను?" అని ఒకడు మెడ మీద ఒక్కటి వేశాడు.

"ఎవురూ పంపలేదు. నాకే బుద్ధి పుట్టినాది" అన్నాడు మల్లన్న, తల ఎత్తకుండా.

వహీదా బీ దేగిశా మూత చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. రెండో దెబ్బకు చేయి లేచింది.

"ఇడ్సండి వాన్ని" అన్నాడు హబీబుల్లా. "నేనే పంపినాను. నీళ్లు నేను వదల్లేదు, కారిపోయినాయి. మా బావ ముందర పరువు పోతాదని అబద్ధమాడినాను."

దండ తీయబోయాడు. అది టోపీకి చిక్కుకుంది. రెండూ కలిసే ఊడివచ్చాయి. బట్టతలతో, చేతిలో పూలతో, ఎవరి వైపు చూడాలో తెలియక నిలబడ్డాడు. తప్పెటవాడు తప్పెటను చంక కిందికి జరుపుకున్నాడు.

"మాకు తెలుసప్పా" అంది భీమక్క మెల్లగా. "శానా దినాలుగా కారతాండాది. ఆ ఊటకే మా బావుల్లో బిందె మునుగుతాండాది. మూయద్దని అడిగితే వింటావో వినవో. దండేస్తే మూసేదానికి సిగ్గుపడతావని తెచ్చినాము." ఆమె కూడా తల దించుకుంది. "మల్లన్న మీద చెయ్యి పడేదాంక వస్తాదనుకోలేదు."

దెబ్బ వేసినవాడు ఆ చేతిని వెనక్కి దాచుకున్నాడు. చోటే సాబ్ బురదలోని పడవను అదే పనిగా పరిశీలించసాగాడు. కాసేపు కట్ట మీద అంతమందిలో ఒకరి మొహం ఒకరు చూసుకున్నవారు లేరు. వహీదా బీ ముందుగా కదిలి, మొదటి తట్ట బిర్యానీ మల్లన్నకు పెట్టింది.

ఆ రాత్రి భోజనానికి ఇంటిల్లిపాదీ కూర్చున్నారు. చోటే సాబ్ నీళ్లగ్లాసు ఎత్తి చూడకుండానే తాగాడు. హబీబుల్లా ముద్ద కలుపుతూ కలుపుతూ ఆగాడు.

"రేపు తూము తెరుస్తాను" అన్నాడు తట్టలోకే చూస్తూ. "ఉండే నీళ్లన్నీ కిందికే. మల్లన్న ఇంటికి పోయి, వాని పెండ్లాము ముందర, తప్పు నాదని సెప్పొస్తాను."

వహీదా బీ అతని తట్టలో ఇంకో గరిటె వడ్డించింది.

"సిన్నప్పుడూ ఇంతే" అంది బడేబీ కోడలితో. "పట్టుబడితే గానీ ఒక్క మంచి పనీ చేసేవాడు కాదు."