శుక్రవారంతో పెనుగులాట

ఆ సోమవారం పొద్దున హిందూపురం ఫంక్షన్ హాలు తలుపు తీసేటప్పటికే సుమయ్య ఒక నిర్ణయానికి వచ్చేసింది. ఈ వారం ఎవరూ ఎవరికీ ఫోన్ చేయకూడదు. మేనేజరుగా చేరిన నాటి నుంచీ ఆమె ఉద్యోగమంతా ఫోన్లతోనే సరిపోయింది. పెనుకొండలో వంట మాస్టరు గౌస్‌సాబ్‌కు ఒకటి, ధర్మవరంలో పూల అలంకరణ చేసే రామాంజనేయులుకు ఒకటి, వినపడలేదంటే ఇద్దరికీ ఇంకొకటి.

అందుకే ఆఫీసు కంప్యూటరులోని తన క్యాలెండర్‌ను ఇంటర్నెట్‌లో ఊరికే దొరికే ఓపెన్ సోర్స్ క్యాలెండర్‌తో కలిపింది. ఆమె ఇక్కడ రాస్తే వాళ్లిద్దరి ఫోన్లలో కనపడుతుంది. వాళ్లు అక్కడ మారిస్తే ఇక్కడా మారుతుంది. హాలు యజమాని వెంకటప్పకు ఇది మింగుడుపడలేదు.

"ఎవరో చేసి ఊరికే పెట్టినారంటే నమ్మేదెట్లమ్మా?"

"గాలి కూడా ఊరికే వస్తాండాది కదన్నా. పీల్చడం మానుకుంటివా?"

"తప్పు జరిగితే?"

"జరిగితే నన్ను పనిలోంచి తీసెయ్. అంతవరకూ ఎవరూ ఫోన్ ముట్టద్దు."

అని, మొట్టమొదట ఆ వారం పెద్ద కార్యం రాసింది: శుక్రవారం, కుళ్ళాయమ్మ మనవరాలి నిశ్చితార్థం.

ఆమెకు తెలియని సంగతి ఒకటుంది. ఇంటర్నెట్ క్యాలెండర్‌లోని గడియారం ఏదో పరదేశానిది. మనకు శుక్రవారం పుట్టే వేళకు దానికి ఇంకా గురువారమే. దాంతో ఆమె శుక్రవారం రాసిన నిశ్చితార్థం వాళ్ల ఫోన్లలో గురువారం మీద కూర్చుంది.

రామాంజనేయులు ఇంట్లో కుళ్ళాయమ్మ పంపిన శుభలేఖ ఉంది. పాపం సుమయ్య పొరపాటు పడిందనుకుని ఫోన్‌లో నిశ్చితార్థాన్ని శుక్రవారానికి జరిపాడు. అది సుమయ్య కంప్యూటరులో శనివారమైంది. ఆమె చూసి, ఎవరో వేలు పెట్టారని గొణుక్కుంటూ వెనక్కి లాగింది. అక్కడ మళ్లీ గురువారమైంది. అతను మళ్లీ తోశాడు. ఆమె మళ్లీ లాగింది.

"ఒక్క మాట ఫోన్‌లో అడగరాదా?" అన్నాడు వెంకటప్ప.

"అడగను. నేను రాసింది సరిగ్గానే ఉండాది."

బుధవారం మధ్యాహ్నానికి రామాంజనేయులు ఓపిక అయిపోయింది. "ఆయమ్మ గురువారమంటే గురువారమే. పూలు నావి, తప్పు ఆమెది" అని భార్యతో చెప్పి బంతిపూలు బేరమాడటానికి వెళ్లాడు. తేదీ అటూ ఇటూ గెంతుతుంటే బిత్తరపోయి చూస్తున్న గౌస్‌సాబ్ కూడా, చివరికి ఎక్కడ నిలిచిందో అదే నమ్మాడు.

గురువారం సుమయ్య వచ్చేసరికి హాలు ముందు పూల తోరణం లేచి ఉంది. దాని మీద 'హరిత - క్రాంతి కుమార్' అని తెల్లటి అక్షరాలు. వెనక మినీ లారీలోంచి గౌస్‌సాబ్ మనుషులు బిర్యానీ గుండిగలు దించుతున్నారు.

"మామూ, కార్యం రేపు కదా."

"రేపయితే ఒక ఫోన్ కొట్టకూడదా?"

"నువ్వు కొట్టకూడదా?"

"నువ్వే వద్దంటివి" అన్నాడు గౌస్‌సాబ్, గుండిగ మీద మూత సర్దుతూ.

అప్పుడే వచ్చిన వెంకటప్ప తోరణాన్నీ గుండిగలనూ సుమయ్యనూ వరసగా చూశాడు.

"ముందు ఆ కంప్యూటరు వైరు పీకు."

"పీకను. తప్పు యాడుండాదో చూడాల. నన్ను తీసేసేదుంటే ఆ తర్వాత తియ్."

కుర్చీ లాక్కుని కూర్చుంది. ఒక్కొక్కటే తెరిచి చూడగా పరదేశపు గడియారం దొరికింది. దాన్ని మన దేశానికి మార్చగానే ముగ్గురి దగ్గరా శుక్రవారం శుక్రవారంలోనే నిలబడింది. క్యాలెండర్ బాగుపడింది. బిర్యానీని ఏం చేయాలో మాత్రం తెలియలేదు.

ఇంతలో లేపాక్షి వైపు నుంచి బస్సొకటి వచ్చి హాలు ముందు ఆగింది. ముందుగా దిగిన పెద్దావిడ, మొన్ననే రిటైరైన టీచరు ఎస్తేరమ్మ, గాలి పీల్చి నవ్వింది.

"ఏమప్పా వెంకటప్పా, మా రిటైర్‌మెంట్ విందుకు ఏం చేసినావో ఏమో అని భయపడితి. వాసన రోడ్డు దాకా వస్తాండాది."

వెంకటప్పకు అప్పుడు గుర్తొచ్చింది. ఎవరిదో పెళ్లిలో చేయి కడుక్కుంటూ, గురువారం హాలు నీదే, భోజనాలు నావే అని ఆమెకు మాటిచ్చాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. తనకు తాను చెప్పుకోవడం కూడా మరిచాడు.

"ఈ హరిత ఎవరు?" అంది ఎస్తేరమ్మ, తోరణం వైపు తలెత్తి.

"రేపటి పెళ్లికూతురు మేడమ్. పేరు తీసేస్తాం. పూలు మీవే" అని సుమయ్య ఆమెను లోపలికి నడిపించింది. రామాంజనేయులు నిచ్చెనెక్కి అక్షరాలు ఊడదీశాడు. గౌస్‌సాబ్, రేపు మళ్లీ వండాలని గొణుగుతూనే, వడ్డనకు మనుషుల్ని పురమాయించాడు.

విస్తర్లు వేస్తుండగా వెంకటప్ప మెల్లగా పక్కకు వచ్చాడు.

"నాకే గుర్తు లేదు. నీ కంప్యూటరుకెట్ల తెలిసె?"

"క్యాలెండర్‌లో గురువారమని ఉండె కదన్నా."

అందులో అబద్ధం లేదు. ఆమె ఉద్యోగం మాట అతను మళ్లీ ఎత్తలేదు. భోజనాలయ్యాక బుద్ధిగా ఆమె ఎదుట కూర్చుని, నోటిమాటగా ఒప్పుకున్న కార్యాలన్నీ ఒక్కొక్కటే గుర్తుచేసుకుని చెప్పాడు. ఆమె ఒక్కటీ వదలకుండా ఎక్కించింది.

పొద్దు వాలేసరికి క్యాలెండర్ ఉన్నదున్నట్టు చూపించింది: వచ్చే నెల ఒకే ముహూర్తానికి, అదే హాలులో, మూడు పెళ్లిళ్లు.