ఇజం మీద బరువు

తనిఖీ సారు మధ్యాహ్నానికి వస్తాడనగా, బచ్చన్నపేట మిషను బడి అబ్రహాం మాస్టరు పొద్దున్నే వంటింట్లో పాఠం మొదలుపెట్టాడు. బొమ్మల మాస్టరుగా నౌకరీ ఖాయం కావాలంటే చిత్రకళ గురించిన పొడుగాటి ఇంగ్లీషు మాటలు ఆయన తడబడకుండా పలకాలి. ఈసారీ తప్పితే బడి వదిలి కూలికి పోవలసిందే.

"ఇం-ప్రె-ష-ని-జం. బరువు ‘ప్రె’ మీద. నేను ఆడికి రాంగనే రోకటి పోటెయ్యి," అన్నాడు భార్య మార్తమ్మతో.

"ఎట్లయినా కారం దంచేదే. గని ఆ మాటకు అర్థమేంది?"

"కంటికి ఎట్ల అగుపడితే అట్ల గీసుడు."

"అగుపడంది గూడ గీస్తరా?"

"దానికి వేరే మాట ఉన్నది."

అవి నిజాం మీద కమ్యూనిస్టుల సంఘం పోరాడుతున్న రోజులు. పోలీసులు వస్తున్నారంటే ఆ ఊరి ఆడవాళ్లు ఆగి ఆగి రోకటి పోటు వేసేవారు. అది వింటే మగవాళ్లు చేలల్లోకి జారుకునేవారు. ఈ సంగతి మార్తమ్మకూ తెలుసు, కానీ మొగుడి నౌకరీ ముందు గుర్తు రాలేదు. ఆగి ఆగి పడుతున్న ఆమె పోటు విని పక్కింటి గట్టయ్య గోడ దూకాడు. ఆయన్ని చూసి వాడకట్టంతా దూకింది. ఊరు ఊరంతా పరుగెత్తడం చూసి ఊరి బయటి క్యాంపు పోలీసులు నిజంగానే దిగారు.

ఇంకా పాఠం సాగుతున్న అబ్రహాం ఇంటి తలుపు దగ్గర వాళ్ల జమేదారు చెవి ఒగ్గాడు. "నిజం చెప్పు. ఏ ఇజం?"

"బొమ్మల ఇజం సాబ్. ఎక్స్‌ప్రెషనిజమని ఇంకోటున్నది."

"అంటే రెండో పార్టీ గూడ ఉన్నదా?"

నౌకరీ సంగతి దేవుడెరుగు, ముందు ప్రాణం దక్కాలి. "బరువంత ‘ప్రె’ మీదనే సాబ్. ఇజం మీద ఏం లేదు," అని అబ్రహాం రోకటి పోటు వేసి మరీ చూపించాడు. జమేదారు తానూ పలికి చూసి తల పంకించాడు.

అంతలో తనిఖీ సారు బండి దిగాడు. "ఈయన పెద్ద చదువు చదివిండు, అడుగుండ్రి," అన్నాడు అబ్రహాం ఆశగా. సారు గొంతు సవరించుకుని, "ఇంప్రెష-నిజం," అని చివర్న చేతికర్ర నేలకేసి కొట్టాడు.

జమేదారు ముఖం మారింది. "మాస్టరు ఇజాన్ని మెల్లగ అంటుండు. గీయన దాని మీదనే జోరు పెడుతుండు. అసలు మనిషి గీయనే. బండెక్కియ్యుండ్రి."

సారు అబ్రహాం చెయ్యి పట్టుకున్నాడు. "జర నేనెవరో చెప్పు మాస్టరూ."

అబ్రహాంకు నిజంగానే జాలేసింది. "నా శిష్యుడే సాబ్. ఇంకా నేర్చుకుంటుండు," అన్నాడు.

"అయితే నా ముందర్నే నేర్పు," అన్నాడు జమేదారు. పోలీసులు వెళ్లేదాకా సారు రోలు ముందు కూర్చుని మార్తమ్మ పోటుకు సరిగ్గా పలికాడు. సాయంత్రానికి నౌకరీ ఖాయమైంది; అబ్రహాంను పరీక్షించాలన్న సంగతి మాత్రం సారుకు గుర్తు రాలేదు.