హాజ్ కమ్ ఔట్ ఆఫ్ చేను

జయరాంకు ఇంగ్లీషు మీద ఉన్నంత కోపం ఆ రోజుల్లో వాళ్ళ తాతకు తెల్లదొరల మీద కూడా ఉండి ఉండదు.

కారణం ఇంట్లోనే ఉంది. ఆయన భార్య ప్రసూన, బళ్ళో చిన్నపిల్లలకు పాఠాలు చెప్పే పని దొరుకుతుందన్న ఆశతో, ఫోనులో ఇంగ్లీషు నేర్చుకుంటోంది. నేర్పేది ఎలిజబెత్ టీచరు. విడపనకల్లు నుంచి కుందుర్పి దాకా నూట ఇరవై మంది ఆడవాళ్ళు ఆమె వాట్సాప్ గ్రూపులో ఉన్నారు. టీచరు మంచి మనిషే. ఎటొచ్చీ ఒక నియమం పెట్టింది. ఇప్పుడే జరిగిన పనిని వాక్యంగా రాయాలి, అది ఇంట్లో నిజంగా జరిగినదై ఉండాలి. అబద్ధం రాస్తే గ్రూపులోంచి తీసేస్తుంది.

ఆ నెల పాఠం, బయటికి పోవడం, బయటికి రావడం. హాజ్ గాన్ ఔట్ ఆఫ్, హాజ్ కమ్ ఔట్ ఆఫ్.

ఆ ఇంట్లో అస్తమానం బయటికి పోయే ప్రాణి జయరాం ఒక్కడే.

"ఏమప్పా జయరామా, ఈ పొద్దు గూడా నీళ్ళు పట్టకుండానే ఇంట్లోనుంచి జారుకున్యావంట గదా" అన్నాడు టీకొట్టు నారాయణప్ప, గ్లాసు అందిస్తూ.

"నీకెవరు చెప్పినారు?"

"మా కోడలు గూడా ఆ గ్రూపులోనే ఉండాది. నిన్న పూజగదిలోనుంచి రెండు నిమిషాలకే బయటికొచ్చినావంట. మొన్న ఎనుముకు గడ్డేయకుండా పారిపోయినావంట. ఇంగ్లీషులో వింటే భలే ఉంటాదప్పా నీ బతుకు."

జయరాం టీ తాగకుండానే లేచి ఇంటికి వచ్చాడు.

"మొగుడు బయటికి పోతే పోయొస్తాడు అనల్ల. పోయినాడు అని నాలుగు మండలాలకు చాటితే నా ఆయుస్సు ఏం కావల్ల?"

"నువ్వొచ్చేదాకా ఆగితే నా పాఠం ఆరిపోతాది" అంది ప్రసూన, పిండి కలుపుతూ.

"నా సంగతి తప్ప ఇంకేం దొరకల్యా నీకు?"

"ఈ ఇంట్లోనుంచి ఇంకేం బయటికి పోతాది? ఎనుముకు పలుపుండాది. నీకు ల్యా."

ఆ శుక్రవారం మధ్యాహ్నం వాన పడింది. వజ్రకరూరు పక్క ఎర్రనేలల్లో వాన పడిందంటే చేను ఉన్నవాళ్ళు విత్తనానికి పరుగెత్తుతారు, లేనివాళ్ళు వజ్రాలకు పరుగెత్తుతారు. తడిసిన నేలలో రాయి మెరిస్తే బతుకు మారిపోతుందని ఆశ. జయరాంకు రెండెకరాల చేను. విత్తడానికి చాలే తడి, ఆ పదును, రెండు రోజులకు మించి ఉండదు. నిరుడు ఆ రెండు రోజుల్లో మనుషులు దొరకక, ఏడాదంతా చేను బీడుగా చూశాడు. ఈసారీ అలాగే అయితే ఎద్దుల్ని అమ్ముకోవాల్సిందే. వేరుశనగ విత్తనం వలిచి సంచుల్లో సిద్ధంగా ఉంది. నాగలి వెంట నడిచి సాలులో గింజ వేసే మనుషులే లేరు.

కూలీల పెద్ద మారెమ్మ దగ్గరికి పోయాడు. ఆమె అప్పటికే సద్ది మూట కట్టుకుంటోంది.

"రెండు దినాలు ఆగప్పా. రేపు మేమంతా వజ్రాలకు పోతాండాము."

"రెండు దినాలాగితే నా చేను ఎండుతాది."

"ఈ రెండు దినాలు పోతే మా వజ్రం గూడా అంతేనప్పా."

ఒకే వానలో ఇద్దరికి రెండు రకాల ఆశలు ఎందుకు కురిపిస్తాడో ఆ దేవుడు, జయరాంకు అంతుబట్టలేదు. మండిపోతూ ఇల్లు చేరేసరికి ప్రసూన పాలు పితకడానికి పోయింది. ఫోను అరుగు మీద ఉంది. పదో తరగతి ఇంగ్లీషు ఆ మాత్రం చదవడానికి చాలింది. "మై హస్బెండ్ హాజ్ కమ్ బ్యాక్ ఫ్రమ్ మారెమ్మాస్ హౌస్ వితౌట్ కూలీస్." తను గడప దాటకముందే వాక్యం తయారు, పంపడమే తరువాయి!

దాన్ని చెరిపేశాడు. ఒక్క అబద్ధం రాస్తే చాలు, టీచరు ఈమెను తీసేస్తుంది, ఇల్లు మళ్ళీ తెలుగులో పడుతుంది. ఎవరూ నమ్మలేనంత అబద్ధం కోసం వెతికి, ఒక్కో అక్షరమే కొట్టాడు. "ఎ డైమండ్ హాజ్ కమ్ ఔట్ ఆఫ్ అవర్ చేను." చేనుకు ఇంగ్లీషు గుర్తు రాలేదు. పంపేశాక దేవుడి పటం ముందు నిలబడి, ఇది సంసారం బాగు కోసమే స్వామీ అని లెంపలు వేసుకున్నాడు.

నెల రోజులుగా ప్రసూన నిజం తప్ప రాయలేదన్న సంగతి మాత్రం ఆయనకు తట్టలేదు. టీచరు "ప్రభువుకు స్తోత్రం" అని బదులు పెట్టింది. నూట పందొమ్మిది మంది దండాలు పెట్టారు. ఛార్జింగు అయిపోవడంతో ప్రసూన తెల్లారేదాకా ఫోను చూడలేదు.

తెల్లవారి ఎద్దుల్ని తోలుకుని చేనికి పోతే, అక్కడ నలభై మంది వంగి ఉన్నారు. ముందు వరసలో మారెమ్మ. ఆమె వెనకే, టీకొట్టు మూసేసి వచ్చిన నారాయణప్ప.

"నా చేన్లోనుంచి బయటికి నడవండి" అని అరిచాడు జయరాం. "వజ్రమూ ల్యా, గిజ్రమూ ల్యా. అది నేనే రాసిన అబద్ధం."

నారాయణప్ప నడుము కూడా ఎత్తలేదు. "దొరికినోడు దొరికిందంటాడా యాడన్నా?"

"దేవుని మీద ఒట్టు."

"ఒట్టు గూడా పెడతాండాడు" అంది మారెమ్మ పక్కవాళ్ళతో. "పెద్దదే దొరికినట్టుండాది."

నలభై మంది ఇంకా దగ్గరగా వంగారు. తడి నేల కాళ్ళ కింద గట్టిపడుతోంది. జయరాం చర్నాకోల ఎత్తాడు గాని, ఎవరి మీద అన్నది తేలక దించేశాడు. అప్పటికి ప్రసూన ఫోను పట్టుకుని గట్టు మీదికి వచ్చింది. ఆమె మొహం చూసి ఎద్దులు కూడా రెండడుగులు వెనక్కి వేశాయి.

"నా పేరు మీద అబద్ధం రాసింది నువ్వేనా?"

"నా పేరు మీద నువ్వు నిజాలు రాయల్యా?"

"ఆయమ్మ స్తోత్రం గూడా చెప్పిందే. నేను ఏం మొహం పెట్టుకుని మాట్లాడల్ల?"

"అది సరే, ముందు చేను చూడు. పదును పోతాండాది" అన్నాడు. నిరుటి బీడు ఇద్దరి కళ్ళముందూ నిలబడింది.

ప్రసూన కాసేపు చేను వంక, మనుషుల వంక చూసింది. తర్వాత చీర చెంగు బిగించింది.

"ఇనండి. నేను ఈ చేన్లో వజ్రం చూడల్యా. నాకు తెలిసి ల్యా. అయినా ఎతకల్లంటే ఎతకండి. పైన మన్ను మీరు ప్రతి ఏడూ చూస్తానే ఉండారు గదా. లోపలి మన్ను పైకొచ్చేది నాగలి సాల్లోనే. ఏ సాల్లో ఎవరు గింజ ఏసి, చూసి, కాలితో మన్ను కప్పుతారో ఆ సాలు వాళ్ళది. గింజ ఏయనోళ్ళు గట్టెక్కండి."

వెంటనే విత్తనం సంచి దగ్గర తోపులాట మొదలైంది. మొదటి సాలు తనదంటే తనదని మారెమ్మ, నారాయణప్ప కొట్లాడుకున్నారు.

"నీకు ఎద్దులుండాయి గదన్నా" అంది ప్రసూన నారాయణప్పతో. "రెండో నాగలి కట్టు, రెండు సాళ్ళు నీవి."

నారాయణప్ప ఎద్దుల కోసం పరుగెత్తాడు.

అంత శ్రద్ధగా విత్తిన చేను ఆ పక్క ఎవరూ చూసి ఉండరు. గింజ ఎక్కడ పడిందో, దాని పక్కన ఏ రాయి ఉందో, ఒక్కొక్కరూ కళ్ళు చిట్లించి చూసి మరీ మన్ను కప్పారు. ఏరి చూసి వద్దనుకున్న రాళ్ళు గట్టు మీద కుప్పగా పడ్డాయి. పొద్దు వాలేసరికి చేను చివరికి వచ్చింది. వజ్రం రాలేదు. "ల్యాదంటే ల్యాదనే చెప్పింది గదా ఆయమ్మ" అనుకుంటూ, రేపు ఇంకో చేనికి పోదామని అందరూ వెళ్ళిపోయారు.

ప్రసూన టీచరుకు ఫోను చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. అవతలి నుంచి చాలాసేపు నవ్వు వినిపించింది. ఫోను పెట్టేసి చూస్తే మొగుడు పక్కన లేడు. మిగిలిన ఒక్క సాలులో, నడుము వంచి, ముక్కు నేలకు ఆనేటట్టు నడుస్తున్నాడు.

"ఏం ఎతుకుతాండావు?"

జయరాం ఉలిక్కిపడ్డాడు. "ఏం ల్యా. ఉంగరం పడింది."

"నీకు ఉంగరం ఎప్పుడుండాది?"

ఆయన నిటారుగా నిలబడలేదు. పక్కన ఏదో తళుక్కుమన్నట్టుంది మరి.

ప్రసూన అడుగున కాస్త విత్తనం మిగిలిన సంచి తెచ్చి ఆయన మెడకు తగిలించింది. జయరాం తలెత్తకుండా సంచిలో చెయ్యి పెట్టి, జానెడుకొక గింజ వేస్తూ, కాలితో మన్ను కప్పుతూ ముందుకు పోయాడు.