పదకొండు మంది అక్కలున్న రుజీనా

ఒంటరితనం మనసుకు సంబంధించిన విషయమని కొందరు పొరబడుతుంటారు. కాదు. అది మూడు ప్రతుల్లో, నీలం సిరాతో, ఇద్దరు సాక్షుల సమక్షంలో రుజువు కావలసిన విషయమని ఇండోనేషియాలో మా ఆచే తీరంలోని శరణార్థుల ఆశ్రయ కేంద్రం తొమ్మిదేళ్ల క్రితమే తేల్చేసింది. (కేంద్రం తాత్కాలికం. తొమ్మిదేళ్లుగా తాత్కాలికం.) అక్కడ రికార్డులు రాసేవాణ్ణి కనుక ఈ విషయంలో నా మాట నమ్మవచ్చు.

మా కేంద్రం ఒకప్పుడు చేపల వేలం షెడ్డు. ఆ వాసన ఇంకా పదవీ విరమణ చేయలేదు. లోపల రెండు విభాగాలున్నాయి. పెద్దలదీ కుటుంబాలదీ ఒకటి. దాన్ని జిల్లా యంత్రాంగం నడుపుతుంది, అంటే ఎవరూ నడపరు. రెండోది తోడులేని పిల్లల విభాగం. దాన్ని దూరదేశపు దాతలు పోషిస్తున్నారు. అందుకే అక్కడ ఫ్యాన్లు తిరుగుతాయి, టీచరు వస్తుంది, గోడ మీద నవ్వుతున్న తిమింగలం బొమ్మ ఉంటుంది. (వారాల తరబడి నడిసముద్రంలో ఉండి వచ్చిన పిల్లలకు తిమింగలం ఎందుకని మా వంటావిడ రోస్మనీదార్ అడిగింది. గోడబొమ్మల పద్దు ఆ ఏడాదే ఖర్చు కావాలని చెప్పాం.)

దాతల షరతు ఒక్కటే. తోడులేని పిల్లలు నలభై మందికి తగ్గకూడదు. తగ్గితే విభాగం మూసేస్తారు. మొన్నామధ్య మలేషియాలో మేనమామ దొరికాడని ఒక పిల్ల వెళ్లిపోయేసరికి ముప్పై తొమ్మిది మంది మిగిలారు. మా డైరెక్టర్ హస్బల్లా గారు ఆ పూట అన్నం ముట్టలేదు. ఒక మేనమామ ఇంత బాధ్యత లేకుండా ప్రవర్తిస్తాడని ఆయన ఊహించలేదు.

సరిగ్గా అప్పుడే జాలర్లు ఒడ్డుకు లాక్కొచ్చిన ఒక పడవలోంచి సెనోవారా, రుజీనా దిగారు. రోహింగ్యా అక్కాచెల్లెళ్లు. పెద్దదానికి పంతొమ్మిదేళ్లు, చిన్నదానికి ఆరు. తల్లి పడవలోనే పోయింది. కాగితాలు నీళ్లపాలయ్యాయి. మా పెద్దల విభాగం నిండిపోయింది కనుక, నియమం ప్రకారం కొత్తగా వచ్చే పెద్దవాళ్లనూ కుటుంబాలనూ మెడాన్ నగరంలోని మరో కేంద్రానికి పంపించాలి. వీళ్లు అక్కాచెల్లెళ్లని రుజువైతే ఇద్దరూ ఒకే బస్సెక్కుతారు. రుజువు కాకపోతే పెద్దది ఒక్కతే వెళుతుంది, చిన్నది తోడులేని పిల్ల అయి ఇక్కడ ఉంటుంది. నలభయ్యో పిల్ల.

ఆ సంగతి తేల్చడానికి మూడు వారాల తర్వాత తోడు నిర్ధారణ మండలి సమావేశమైంది. అధ్యక్షురాలు మెర్దియానా మేడం. విచారణ మా భాషలోనే జరగాలి. (దుబాసీ పోస్టు ఖాళీగా ఉంది, దాన్ని భర్తీ చేసే అధికారి పోస్టు కూడా.) అదృష్టం కొద్దీ సెనోవారాకు మలయ్ భాష వచ్చు, అది మాకు అర్థమవుతుంది. రుజీనా అయితే వంటగదిలో కూర్చుని మా మాటలు చకచకా పట్టేసింది.

"ఈ అమ్మాయి నీకేమవుతుంది?" అని మేడం సెనోవారాను చూపించారు.

"అక్క," అంది రుజీనా, సెనోవారా చున్నీ కొస వదలకుండా.

మేడం తృప్తిగా కలం తీశారు. అంతలో రోస్మనీదార్ కాఫీలు తెచ్చింది.

"అక్కా, నాకో?" అని రుజీనా చెయ్యి చాచింది.

కలం ఆగింది. "ఈవిడా అక్కేనా?"

"ఊఁ."

"మరి నేనూ?"

రుజీనా కాసేపు ఆలోచించి, మర్యాదగా, "మీరూ అక్కే," అంది.

రోస్మనీదార్ ట్రే బల్ల మీద పడేసినంత పని చేసింది. "అయ్యో మేడం, ఆ ముక్క నేర్పింది నేనే! పెద్దోళ్లని పేరు పెట్టి పిలిస్తే మూతి వాచుద్దని చెప్పా. చేపలమ్మే ఆవిణ్ణి, బస్సులో టికెట్లు కొట్టే ఆవిణ్ణి, అందర్నీ మనం అక్కా అనేగా పిలుస్తాం? మీరు పిలవరా ఏంటి?"

"పిలుస్తాను రోస్మనీ. పిలిచి వాళ్లింట్లో వాటా అడగను."

మండలి లోతుగా దర్యాప్తు చేసింది. రుజీనా అక్కా అని పిలిచేవాళ్లు మా కేంద్రంలో పదకొండు మంది అని తేలింది. (పన్నెండోది గేటు దగ్గరి మేక. దాని అంశం వాయిదా పడింది.) తీర్పు నేనే రాశాను: "పదకొండు మంది అక్కల్లో అసలు అక్క ఎవరో నిర్ణయించే ప్రమాణం లేనందున, ఎవరూ కారని భావించడమైనది."

సెనోవారా నా బల్ల దగ్గరికి వచ్చింది.

"అన్నా, దాన్ని ఎత్తుకుని పెంచింది నేను. జ్వరమొస్తే నా మెడ పట్టుకుంటేనే నిద్రపోద్ది. అది కూడా రాయి."

"దానికి గడి లేదమ్మా," అన్నాను.

"పక్కన రాయి అన్నా. చిన్నగా రాయి."

పక్కన రాయకూడదని నియమం. ఆ మాట చెప్పాను. నాకు సిగ్గేసింది. ఆ సిగ్గుతో ఎవరికీ ఏమీ ఒరగలేదు, బస్సు గురువారం వేళకే బయలుదేరింది. రుజీనా గేటు ఊచలు పట్టుకుని గొంతు పోయేదాకా ఏడ్చింది. రోస్మనీదార్ ఎత్తుకోబోతే కొరికింది. "కొత్త వాతావరణానికి అలవాటు పడుతోంది" అని ఆ రోజు రిజిస్టరులో రాయించారు హస్బల్లా గారు.

మరుసటి వారం దాతల ప్రతినిధి వచ్చాడు. మా ఆచారం ప్రకారం ఆకులతో నీళ్లు చిలకరించి, పసుపు అన్నం నోట్లో పెట్టి స్వాగతం పలికాం. వరసలో చివర నిలబడ్డ రుజీనాను చూసి, ఈ పాపకు ఎవరూ లేరా అని అడిగాడు. ఎవరూ లేరని హస్బల్లా గారు కాగితం చూపించారు. ప్రతినిధి కళ్లు తుడుచుకున్నాడు. విభాగాన్ని మరో ఏడాది పొడిగించి, ఒక్కో పిల్లకు ఒక్కో తోడును నియమించే పథకం కూడా మంజూరు చేసి వెళ్లాడు. తోడుగా వచ్చేవాళ్లు కేంద్రంలోనే ఉండి పిల్లకు అన్నం తినిపించాలి, నిద్రపుచ్చాలి. శరణార్థులూ అర్జీ పెట్టుకోవచ్చు. పక్షపాతానికి తావులేకుండా ఒకే ఒక్క నిబంధన: ఆ పిల్లతో ఏ బంధుత్వమూ ఉండకూడదు.

పది రోజులకు మెడాన్ నుంచి మొదటి అర్జీ వచ్చింది. సెనోవారాది. రుజీనాకు తాను ఏమీ కానని స్వయంగా రాసి సంతకం పెట్టింది. రుజువుగా మా మండలి తీర్పునే జతచేసింది. ఇంత పకడ్బందీ అర్జీ తన సర్వీసులో చూడలేదని హస్బల్లా గారు మెచ్చుకుని మెర్దియానా మేడానికి పంపారు.

మేడం జవాబు నిన్న వచ్చింది. సెనోవారాకు పంపడానికి నేనే టైపు చేశాను: "ఫోటోలలో ఇరువురి ముఖాలు అచ్చు గుద్దినట్లు ఉన్నందున, మీరు అక్కాచెల్లెళ్లు అయి ఉండవచ్చునన్న అనుమానంతో అర్జీని తిరస్కరించడమైనది."