విప్పి బిగించే విద్య

బాగా నడుస్తున్నదాన్ని విప్పి, మళ్లీ అచ్చం అలాగే నడిచేలా బిగించడమే నాగరికత! నమ్మరా? మీ కాలనీ రోడ్డు చూడండి. వేస్తారు, తవ్వుతారు, మళ్లీ వేస్తారు. తవ్వకుండా వదిలేస్తే అక్కడ రోడ్డుందని ఎవరికి గుర్తుంటుంది? అందుకే మన సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఉన్నట్టుండి టూల్ మార్చేయడాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను.

మేడ్చల్ దాటాక ఒక ఆఫీసుంది. అందులో షైని ఏళ్ల తరబడి కాంట్రాక్టు ఉద్యోగి. కంపెనీలోని వర్చువల్ మెషిన్లన్నీ, అంటే పెద్ద కంప్యూటర్ కడుపులో బతికే చిన్న కంప్యూటర్లన్నీ, ఒకే పోలికతో పుట్టడానికి టెంప్లేట్లనే అచ్చులుంటాయి. ఆ అచ్చులు మెషిన్లను పుట్టించే పాత టూల్‌కు అర్థమయ్యే భాషలో ఉన్నాయి. వాటిని కొత్త టూల్ భాషలోకి మార్చాలి. పుట్టే మెషిన్‌లో మాత్రం వెంట్రుకవాసి తేడా రాకూడదు. ఎంత గొప్ప ఆశయం!

"ఇది జేసినవంటే నిన్ను పర్మనెంట్ జేయిస్త," అన్నాడు మేనేజర్ ప్రతాప్.

పర్మనెంట్ అయితే తల్లిదండ్రులకు కూడా కంపెనీ మెడికల్ కార్డు వస్తుంది. షైని తల్లి ఎలీషమ్మ జీడిమెట్లలో మాత్రలు ప్యాక్ చేసే కంపెనీలో నిలబడి నిలబడి మోకాళ్లు అరగదీసుకుంది. ఆపరేషన్ తప్పదన్నారు. ఆదివారం చర్చి మెట్లెక్కాలంటే ఇద్దరు పట్టుకోవాలి. ఆ ఇంట్లో ప్రార్థన అంతా ఇప్పుడు ఆ కార్డు కోసమే.

దానంతటదే మార్చేసే కమాండ్ ఒకటి ఉంది లెండి. తెలిసినంత మారుస్తుంది. తెలియని చోట "ఇది మీరే చూసుకోండి" అని రాసి చేతులు దులుపుకుంటుంది. దాన్నీ ఏదో ఆఫీసులోనే పెంచి పెద్దచేసి ఉంటారు! మిగిలిందంతా షైని నెత్తిన వేసుకుంది. కొత్తగా పుట్టిన ప్రతి మెషిన్‌నూ పాతదాని పక్కన పెట్టి, కళ్లలో వత్తులు వేసుకుని పోల్చి చూసింది. చివరికి తేడా అన్నదే లేకుండా చేసింది.

అదే ఆమె కొంప ముంచింది.

"ఏంది షైనీ, ఏం మారింది దీంట్ల?" అన్నాడు ప్రతాప్.

"ఏం మారలే సార్. మారొద్దనే కదా ఇన్ని దినాలు జేసింది."

"గట్లంటే ఎట్ల? రేపు డెమోకు పెద్దసార్ వస్తాండు. కండ్లకు ఏమన్న కనబడాలె గదా! మా షామీర్‌పేట ప్లాట్ల వెంచర్ల ముందుగాల కమాన్ గేటే కట్టినం. హద్దురాళ్లు తర్వాత. గేటు జూసే జనం ఎగబడ్డరు."

అనుభవజ్ఞుల మాట! షైని కొత్త మెషిన్ల లాగిన్ స్క్రీన్‌కు ఆకుపచ్చ రంగు వేసింది. నిమిషం పని.

మర్నాడు పెద్దసార్ యజ్ఞనారాయణ గారు ఆ ఆకుపచ్చను చూసి మురిసిపోయారు. గదంతా చప్పట్లు! ఆ మురిపెంలోనే అడిగారు: "ఈ రంగు పాత టూల్‌లో రాదా అమ్మా?"

అందరూ షైని వైపు చూశారు. రాదని చెప్పమన్నట్టు ప్రతాప్ వెనకనుంచి చెయ్యి ఊపాడు. ఒక్క అబద్ధం ఆడితే కార్డు చేతికొచ్చేది.

"వస్తది సార్," అంది షైని. పాత టూల్‌ను తయారుచేసినవాళ్లే దాన్ని వదిలేశారని, రేపు ఏదైనా చెడిపోతే దిక్కుండదని ఆమె చెబుతూనే ఉంది. "అయితే పాతదాంట్లోనే ఆకుపచ్చ వేసెయ్యండి," అని పెద్దసార్ భోజనానికి లేచారు.

సాయంత్రం ప్రతాప్ శుభవార్త మోసుకొచ్చాడు. "ఫికర్ జెయ్యకు షైనీ. పాత అచ్చులన్నీ తీసేయిస్తిమి గదా, గిప్పుడు కొత్తయి మళ్ల పాతదాంట్లకు మార్చాలె. గా పని గుడ నీకే ఇప్పిచ్చిన. అదయినంక సూద్దాం పర్మనెంట్ సంగతి."

చూశారా! చేసిన పనినే మళ్లీ చేసే అదృష్టం ఎందరికి దక్కుతుంది? మన తాతలు ఒకసారి నాటిన నాటును పీకి మళ్లీ నాటి ఉంటే ఎంత అభివృద్ధి చెంది ఉండేవాళ్లమో!

ఆదివారం చర్చి మెట్ల మీద ఒక రెక్క షైని, ఇంకో రెక్క తండ్రి జక్కయ్య పట్టుకున్నారు. సగంలో ఎలీషమ్మ ఆగి, ఊపిరి తీసుకుని అడిగింది.

"మళ్ల నీకే పనిచ్చిండ్రంటే నిన్ను మస్తు నమ్ముతాండ్రన్నట్టే గదా బిడ్డా. మరి కార్డెందుకియ్యరు?"

షైని తల్లి రెక్కను ఇంకాస్త గట్టిగా పట్టుకుని పై మెట్టుకు లేపింది. ఇంతసేపూ ఈ పద్ధతిని వెనకేసుకొచ్చాను గానీ, ఈ లెక్క నాకూ తెలియదు. మీకేమైనా తెలిస్తే ఆ తల్లికి చెప్పండి. తొందరేం లేదు, ఆమె ఎక్కాల్సిన మెట్లు ఇంకా ఉన్నాయి.