రిసీవర్‌ను తేలిక చేసిన విధంబెట్టిదనిన

అల్ట్రా వైడ్‌బ్యాండ్ రిసీవర్‌ను సులభతరం చేయుటలో మా డచ్చి విశ్వవిద్యాలయం ఘనవిజయం సాధించిందని తెలియజేయుటకు సంతోషిస్తున్నాం. విజయం ఎంత ఘనమైనదంటే, దాన్ని సభలోకి తేవడానికి తలుపు ఊడదీయవలసి వచ్చింది.

మొదట్లో అది ఇంత ఘనంగా లేదు. పొగ నిండిన ఇంట్లో అగ్నిమాపకుడు ఎక్కడున్నాడో బయటివాళ్ళకు తెలియడానికి, అతని ఒంటిమీది పరికరం చిన్న చిన్న రేడియో చప్పుళ్ళు పంపుతుంది. గోడలకు కొట్టుకుని ఒక్కో చప్పుడూ నానా ముక్కలవుతుంది. ఆ ముక్కలు ఏరుకోవడానికే, బయట వాటిని అందుకునే రిసీవర్‌లో బోలెడు సరంజామా. మా పరిశోధక విద్యార్థిని ఫ్రౌకె తమ్ముడు అగ్నిమాపక దళంలోనే ఉన్నాడు గనుక ఆమె ఆత్రం ఆమెది. ప్రతి చప్పుడునూ రెండుసార్లు పంపమంది. మొదటిది నమూనా, రెండోది కబురు. రెండూ ఒకే తీరున ముక్కలవుతాయి గనుక వాటిని పక్కపక్కన పెట్టి పోల్చుకుంటే చాలు. రిసీవర్ చొక్కా జేబులో పట్టింది. పిల్ల చేసిన అపరాధం అదీ.

"ఇంతేనా?" అన్నారు గురువుగారు ఓస్టర్‌హౌట్, కాఫీ కప్పు దించి.

"ఇంతేనండీ."

"కొంప ముంచావు కదమ్మా! నాకే ఒక్కసారికి అర్థమైపోయింది. రేపు నీ పట్టా పరీక్షలో దండధారి వచ్చి, కర్ర నేలకు కొట్టి వేళయిందనేదాకా ప్రశ్నలు సాగాలా వద్దా? గంటసేపు పెద్దలంతా ఒకరి మొహాలొకరు చూసుకు కూర్చోమంటావా?"

"పనిచేస్తోంది కదండీ!"

"పనిచేయడం ఎవడడిగాడు? ఈ యేటితో నీ పరిశోధన ఉద్యోగం ఆఖరు. పట్టా కావాలా, అక్కర్లేదా?"

ఫ్రౌకెకు ఏడుపొచ్చింది. కావాలంది.

ఇక దేశాచారం ప్రకారం సమావేశం వేశాం. సముద్రానికి కట్ట వేసిన నాటినుంచీ అందరూ ఒప్పుకోనిదే మేం ఏ పనీ చేయం. తన మాట చెల్లనిదే ఎవరూ ఒప్పుకోరు. రొదల నిపుణుడు రొద వడగట్టడానికి ఒక జల్లెడ పెట్టించాడు. కాలమాన నిపుణుడు రెండు గడియారాలు పెట్టించి, వాటి తగవు తీర్చడానికి మూడోది పెట్టించాడు. వేడెక్కుతోందని పంకా వచ్చింది. పంకా రొద చేస్తోందని ఇంకో జల్లెడ వచ్చింది. నేను మాత్రం ఊరుకుంటానా? ఏమీ తోచక ఓ దీపం పెట్టించాను. ఎర్రగా వెలుగుతుంది, ఎందుకో ఎవరూ అడగలేదు. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారు. అక్కడితో ఆగితే మేం పండితులం ఎలా అవుతాం?

పరీక్ష దివ్యంగా జరిగింది. నల్ల అంగీల పెద్దలెవరికీ ఏమీ అర్థం కాలేదు. ఆ సంగతి బయటపడకూడదు గనుక ప్రశ్న మీద ప్రశ్న వేశారు. అప్పటికి ఫ్రౌకెకూ అర్థం కావడం మానేసింది గనుక జవాబులు గంభీరంగా వచ్చాయి. దండధారి వేళయిందని అరిచేసరికి ఇంకా ప్రశ్నలు మిగిలే ఉన్నాయి. విశేష ప్రశంసతో పట్టా ఇచ్చారు.

సభలో అగ్నిమాపక దళపతి యోరిట్‌గారున్నారు. పట్టా చేతికొచ్చిన ధైర్యంతో ఫ్రౌకె జేబులోంచి మొదటి రిసీవర్ తీసి ఆయన చేతిలో పెట్టి, అదెలా పనిచేస్తుందో రెండు ముక్కల్లో చెప్పింది.

"ఓస్, ఇంతేనా! నాకూ తెలిసిపోయిందే!" అని ఆయన తెగ సంబరపడ్డారు. ఆ వెంటనే దాన్ని తిరిగిచ్చేశారు. "వద్దు తల్లీ, ఆ పెద్ద పెట్టెనే మా బండికెక్కించండి."

"బాబాయ్, లోపలికెళ్ళేవాళ్ళలో మా తమ్ముడూ ఉన్నాడండీ!"

"అందుకేనమ్మా చెప్పేది! నాబోటివాడికి కూడా అర్థమైపోయేదాన్ని నమ్ముకుని కుర్రాళ్ళని మంటల్లోకెలా తోలమంటావు?"

ఫ్రౌకె దాన్ని మళ్ళీ జేబులో వేసుకుంది. మేమంతా చప్పట్లు కొట్టాం. మీకు నవ్వొస్తోంది గానీ, ఒంట్లో బాగాలేదని వెళితే "ఏం ఫరవాలేదు, మజ్జిగ తాగి పడుకోండి" అన్న డాక్టరు దగ్గరికి మీరు రెండోసారి వెళ్ళారా?